చామంతులకు చీకటి

టేపుబావ చేసిన పని పగవాడు కూడా చేయడు. పగవాడైతే ఎదురుగా వచ్చి చేస్తాడు. టేపుబావ మాత్రం మనిషి నిద్రపోయేదాకా ఆగి చేశాడు.

ఆ నిద్రపోయిన మనిషి వాచ్‌మన్. ఇరవై రెండేళ్ళు ఒక గోడౌను గేటు దగ్గర రాత్రి కాపలా కాసి, తెల్లారి ఇంటికొచ్చి పడుకునేవాడు. అయిదో తరగతితో బడికి దండం పెట్టినవాడికి దొరికిన ఉద్యోగం అది. వీధిలో పిల్లాజెల్లా అందరూ వాచ్‌మన్ అనే పిలిచేవాళ్ళు, సొంత పేరు రేషను కార్డు చూసుకుంటే తప్ప అతనికే గుర్తొచ్చేది కాదు. టేపుబావ అతని భార్యకు అన్న. తాపీమేస్త్రీ. పడుకున్నా లేచినా చొక్కా జేబులో కొలతల టేపు ఉండాల్సిందే, అందుకే ఆ పేరు. మామగారు పోతూపోతూ తన జాగాని కొడుక్కి సగం, కూతురికి సగం ఇచ్చిపోయాడు. మధ్యలో గోడ కడదామన్నాడు టేపుబావ. కట్టుకో అన్నాడు వాచ్‌మన్. అని, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి దుప్పటి ముసుగేసుకున్నాడు.

తాపీ చప్పుడు కలలో వినపడుతూనే ఉంది. లేచి చూసేసరికి గోడ మోకాలెత్తు. మర్నాడు లేచేసరికి ఛాతీ ఎత్తు. అది ఎక్కడ లేచిందో కొలిచి చూసుకునేపాటికి సిమెంటు ఆరిపోయింది. రెండున్నర అడుగులు వాచ్‌మన్ జాగాలోకి వచ్చి కూర్చుంది.

"తాడు కాస్త వంకర పోయింది బావా," అన్నాడు టేపుబావ, తల గోక్కుంటూ. "ఇప్పుడు కూల్చి కట్టాలంటే ఇటుకలన్నీ వృథా."

"నీ తాడు ఎప్పుడు వంకర పోయినా నావైపే పోతుందేం?"

ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ కాసినవాడు తన గోడ కాసుకోలేకపోయాడని వీధంతా నవ్వుకుంది. ఆ నవ్వు వాచ్‌మన్ చెవిలో చీమలా దూరి అక్కడే కాపురం పెట్టింది. పాలవాడికి చెప్పాడు, మంగలికి చెప్పాడు, కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడిని కూర్చోబెట్టి మరీ చెప్పాడు. చివరికి అత్తవారి వైపు పెద్దలు కూర్చుని, ఉన్న గోడ ఉన్నట్టే ఉండాలనీ, ఇకమీదట దానిమీద ఒక్క ఇటుక పెట్టాలన్నా వాచ్‌మన్ సరేనంటేనే పెట్టాలనీ తేల్చారు. టేపుబావకు అది మింగుడుపడలేదు. గోడను ఇంకాస్త లేపి, దాని మీదుగా రేకులు దించి, సామాను కొట్టం వేసుకుందామని ఇటుకలు ముందే తెప్పించుకున్నాడు మరి. ఆ ఇటుకలు గోడ పక్కనే ఒక చివర, మూరెడు సందు వదిలి, మనిషెత్తు పేర్చి ఉండిపోయాయి. పై వరుసలకు నాచు పట్టింది.

"లేపుకోమని ఒక్క మాట అనొచ్చుగా," అని భార్య అప్పుడప్పుడూ నసిగేది.

"నా ప్రాణం పోయాక నువ్వు అను," అనేవాడు వాచ్‌మన్.

ఆ ఏడే గోడౌనువాళ్ళు కెమెరాలు పెట్టించారు. కెమెరాకు టీ ఇవ్వక్కర్లేదు, సెలవు ఇవ్వక్కర్లేదు. వాచ్‌మన్‌కు ఒక శాలువా కప్పి, తీసేసిన పాత ఫ్లడ్‌లైటు ఒకటి చేతిలో పెట్టి పంపించేశారు. శాలువా పలచన, లైటు మాత్రం గట్టిది.

ఇంటికి అతనితోపాటు వచ్చినవి ఇంకా ఉన్నాయి, చామంతి మొక్కలు. గేటు దగ్గర రాత్రిళ్ళు నిద్ర ఆపుకోవడానికి వాచ్‌మన్ కొమ్మలు నాటేవాడు. చామంతి ఒక ఏడు పూసి చచ్చే మొక్క కాదు. పూత అయిపోయాక మొదలంటా కోసేస్తే, ఎండిన మోడు చుట్టూ మళ్ళీ పిలకలు లేస్తాయి. వేసవిలో ఆ పిలకల కొసలు తుంచి ఇసుకలో గుచ్చితే, ఒక మొక్క పదవుతుంది. ఖాళీ రంగు డబ్బాలకు అడుగున మేకుతో చిల్లులు పొడిచి, వాటిలో పెంచి, కాపలా గది వెనకాల వరసగా పెట్టేవాడు. చలికాలం రాగానే అవి డబ్బా కనపడకుండా పూసేవి. ఆ దారిన రోజూ మార్కెట్టుకు వెళ్ళే పూలకొట్టు అక్క ఆగి చూసేది.

ఉద్యోగం పోయిందని తెలిసి ఆవిడే ఇంటికి వచ్చింది. నోట్లో వక్కపలుకు, నడుముకి చిన్న సంచీ, మాటకు ముందు చేయి తిప్పడం.

"తమ్ముడూ, ఏడుపు ఆపి విను. నలభై కుండీలు చెయ్యి. చలి మొదలయ్యేసరికి మొగ్గమీదుండాలి. నాకు నచ్చాయంటే ఏడాది పొడుగునా నీ దగ్గరే తీసుకుంటా, గులాబీ, లిల్లీ, ఇళ్ళలో పెట్టుకునే ఆకుమొక్కలూ అన్నీ. నచ్చకపోతే నా పాత నర్సరీవాడు ఉండనే ఉన్నాడు."

"నలభయ్యా?"

"రాత్రంతా కూర్చుని కునికిపాట్లు పడేవాడివి, పగలంతా నలభై మొక్కలు చూసుకోలేవూ?"

ఇంకో పక్క సెక్యూరిటీ ఏజెన్సీవాడు ఫోను మీద ఫోను. ఏదో కట్టడం దగ్గర రాత్రి డ్యూటీ ఉందట, చలికాలంలో మొదలట, చేరతాడో లేదో చెప్పాలట. వాచ్‌మన్‌కి ఆ ఫోను మోగితేనే మెడ నరాలు పట్టేసేవి. ఇరవై రెండేళ్ళు అతను భార్యతో కలిసి రాత్రి అన్నం తినలేదు. కూతురి జ్వరాలన్నీ తెల్లారి చెబితే విన్నాడు. ఆ కూతురికి పెళ్ళయి కాపురానికి వెళ్ళిపోయింది కూడా. చామంతులు పూస్తే రాత్రిళ్ళు తనవి. పూయకపోతే మళ్ళీ ఆ ప్లాస్టిక్ కుర్చీ, ఆ టార్చిలైటు.

అందుకని ప్రాణం పెట్టాడు. రెండు పాళ్ళు మట్టికి ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి జల్లెడ పట్టాడు. కొసలు నాటి, వేరు పట్టేదాకా తడిగుడ్డ కప్పాడు. మొక్క జానెడు ఎదగ్గానే బొటనవేలి గోటితో కొస తుంచాడు, పక్కకొమ్మలు వచ్చాక వాటి కొసలూ తుంచాడు. "పెరిగేదాన్ని పెరగనివ్వవేమయ్యా, నీ కింద ఎవడు పనిచేసినా వాడి గతి ఇంతే," అంది భార్య కుట్టుమిషన్ దగ్గర నుంచి. తుంచితేనే గుబురవుతుందని అతను చెబితే, "అయితే మా అన్న నీకు చేసింది మేలే అన్నమాట," అని కిసుక్కుమంది. వాచ్‌మన్ తర్వాతి కొసను ఇంకాస్త గట్టిగా తుంచాడు.

వానాకాలం చివర్లో ఒకరోజు లెక్క చూసుకుంటే, ఇసుకలో నాటిన పిలకలు కొన్ని లేవు. గోడ మీదుగా తొంగిచూస్తే అవతల, గోడకీ ఇటుకలకీ మధ్య సందులో, రెండు కుండీల్లో తన చామంతులే.

"చూశావా! భూమి అయిపోయింది, ఇక మొక్కలమీద పడ్డాడు!"

"నేనే ఇచ్చాను," అంది భార్య, దారం కొరుకుతూ. "వదిన అడిగింది."

"నువ్వు ఇచ్చావని నువ్వంటావు. ఇంకెన్ని పీకాడో నీకు తెలుసా?"

అలవాటైన మనిషికి అలవాటైన మందే తోస్తుంది. ఏదైనా పోతుందనిపిస్తే లైటు వెయ్యాలి, వాచ్‌మన్‌కి తెలిసిన విద్య అదొక్కటే. గోడౌను వాళ్ళిచ్చిన ఫ్లడ్‌లైటు అటకమీద నుంచి దించి, ఇంటి చూరుకి ఇనపగొట్టం బిగించి, నలభై కుండీల మీదా గోడ మీదా పడేట్టు తగిలించాడు. పొద్దు గూకగానే వేస్తే తెల్లారేదాకా పెరడు పెళ్ళిపందిరిలా వెలిగేది.

"బావా!" అని గోడవతల నుంచి టేపుబావ కేక. "నీ లైటు మా కిటికీలో పడుతోంది. మా ఆవిడ మొహం ఇన్నాళ్ళకు సరిగ్గా చూశా. చాలా అన్యాయం చేశావు."

"దొంగలకు లైటంటే కష్టంగానే ఉంటుంది బావా."

"కరెంటు బిల్లు వచ్చాక ఎవరికి కష్టమో చూద్దాంలే."

చలిగాలి మొదలైంది. మొక్కలు చూడముచ్చటగా ఉన్నాయి, నల్లని ఆకుపచ్చ, బుట్టల్లాంటి గుబురు. కాని ఒక్క మొగ్గ లేదు. వాచ్‌మన్ ఎరువు మార్చాడు. నీళ్ళు తగ్గించాడు. తర్వాత పెంచాడు. వేపపిండి నానబెట్టి పోశాడు. కొసలు విడదీసి, కళ్ళజోడు పెట్టుకుని, పేలు చూసినట్టు చూశాడు. ఆకు, ఆకు, మళ్ళీ ఆకు.

పూలకొట్టు అక్క వచ్చి, నడుంమీద చేతులేసుకుని నలభై కుండీలూ తేరిపారా చూసింది.

"ఇవేంటి తమ్ముడూ? నేను పూలకొట్టు పెట్టానా, ఆకుకూరల కొట్టా?"

"వస్తాయక్కా. కొంచెం ఆలస్యం."

"పక్కింట్లో వచ్చాయిగా!" అంది ఆవిడ, గోడవతలికి మెడ సాచి.

వాచ్‌మన్ గోడ దగ్గరకు వెళ్ళి తొంగిచూశాడు. టేపుబావ రెండు కుండీలూ మొగ్గలతో పగిలిపోతున్నాయి. కొన్ని అప్పుడే పసుపు చూపిస్తున్నాయి. తన కొమ్మ, తన పిలక, తన రకం. పైగా ఆ కుండీలకు ఎండ సరిగా లేదు, ఎరువు లేదు. టేపుబావ తాపీ కడిగిన నీళ్ళు వాటిలోనే పారబోయడం అతను కళ్ళారా చూశాడు.

"ఏం చేశావురా నా మొక్కలకి?" అన్నాడు. బావను 'రా' అనడం ఇరవై అయిదేళ్ళలో అదే మొదలు.

టేపుబావ అన్నం తింటున్నవాడు ఎంగిలిచేత్తోనే వచ్చాడు. "నీ మొక్కలకి నేనేం చేస్తాను? నా మొక్కలకే ఏం చేయను. మా ఆవిడ నీళ్ళు పొయ్యమంటే పోస్తా, మర్చిపోతే మానేస్తా."

"మరి నీకెలా పూశాయి?"

"నా మొహం చూసి పూశాయి. నీ మొహం చూసి భయపడి మానేశాయి."

ఆ మాటకు పూలకొట్టు అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. వెళ్తూ మాత్రం వాచ్‌మన్ భుజం తట్టింది. "వచ్చే నెలాఖరుదాకా చూస్తా. ఆ తర్వాత నా దారి నాది, ఏమీ అనుకోకు." ఆమె అటు వెళ్ళిందో లేదో ఏజెన్సీవాడి ఫోను. "వచ్చే నెలాఖరుకి చెబుతా," అన్నాడు వాచ్‌మన్.

ఆ సాయంత్రం పొద్దు గూకుతుంటే అలవాటుగా లైటు వేసి, పెరట్లో ఉన్న నీళ్ళ డ్రమ్ము దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. డ్రమ్ము వెనకాల ఒక కుండీ ఉంది. చోటు చాలక అక్కడ ఇరికించాడు. చెంబు వంచబోయి ఆగిపోయాడు.

ఆ మొక్కకి మొగ్గలున్నాయి. మొక్కంతా కాదు. డ్రమ్ము వైపు సగానికే ఉన్నాయి, మిరియపు గింజలంత. ఇవతలి సగానికి ఒక్కటి లేదు. లైటు వెలుగులో డ్రమ్ము నీడ ఆ మొక్కను కత్తితో కోసినట్టు రెండుగా కోసి ఉంది. నీడలో ఉన్న సగం మొగ్గలు, వెలుగులో ఉన్న సగం ఆకులు.

వాచ్‌మన్ చెంబు కింద పెట్టి, పక్కనే చతికిలబడ్డాడు. గోడౌను దగ్గర మొక్కలు గుర్తొచ్చాయి. కాపలా గది ముందు ఎప్పుడూ లైటు, చోటు లేక డబ్బాలన్నీ వెనక చీకట్లో పెట్టేవాడు. వెనకాల గోడ వెచ్చదనానికి అంత బాగా పూస్తున్నాయనుకునేవాడు. టేపుబావ కుండీలకు ఈ పక్క గోడ అడ్డం, ఆ పక్క వీధిదీపానికి ఇటుకల దొంతర అడ్డం. రెండిటి మధ్యా కటిక చీకటి. రాత్రి పొడుగు పెరిగిందని తెలిస్తేనే చామంతి మొగ్గ వేస్తుంది. తన నలభై మొక్కలకూ నెలల తరబడి రాత్రన్నదే లేదు. డ్యూటీలో ఉన్నాయి పాపం.

"ఒసేయ్!" అని కేకేశాడు. భార్య మిషన్ ఆపి పరుగున వచ్చింది, తేలు కుట్టిందేమోనని. అతను చూపించాడు. ఆమె వంగి మొగ్గల్ని చూసింది, లైటును చూసింది, మొగుణ్ణి చూసింది.

"దొంగ దొరికాడన్నమాట," అంది.

వాచ్‌మన్ లేచి వెళ్ళి లైటు తీసేశాడు. పెరడంతా చీకటైంది. గోడవతల నుంచి గొంతు వినపడింది: "బావా, బిల్లు వచ్చిందా?"

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. లైటు తీసేశాక గోడ పక్కనున్న వరసకు మెల్లగా మొగ్గలు కట్టాయి. మిగతా వరసలకు కట్టలేదు. ఎందుకో చూడటానికి వాచ్‌మన్ చీకటి పడగానే పెరట్లో నిలబడ్డాడు. వీధి చివర కొత్తగా వేసిన తెల్లని దీపం టేపుబావ పెరటి మీదుగా, ఛాతీ ఎత్తు గోడ మీదుగా వచ్చి తన కుండీల మీద పడుతోంది. గోడ నీడ మొదటి వరస దాకా వచ్చి ఆగిపోయింది. దాని గీత లోపల మొగ్గ, గీత దాటితే ఆకు.

గోనెసంచులు కప్పి చూశాడు. పొద్దున్న తీస్తే కొసలు విరిగి సంచికే అంటుకొచ్చాయి. ఇంట్లో పెడదామంటే రెండు గదుల ఇల్లు, మిషన్, మంచం. కర్రలు పాతి దుప్పటి కట్టాడు, గాలి దాన్ని తీసుకెళ్ళి టేపుబావ పెరట్లోనే పడేసింది. టేపుబావ మడతపెట్టి గోడమీద పెట్టాడు, ఏమీ అనలేదు. ఏమన్నా అనుంటే బాగుండేది.

కావలసింది గోడ ఇంకాస్త ఎత్తుగా ఉండటం. అది కట్టడానికి ఇటుకలు అవతల రెడీగా ఉన్నాయి. కట్టే చెయ్యీ అవతలే ఉంది. లేనిది తన మాట ఒక్కటే.

ఆ రాత్రి భార్యాభర్తలు కలిసి అన్నం తింటున్నారు. వాచ్‌మన్ ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"గోడ లేచి, దానిమీద రేకులు పడ్డాయంటే, ఆ జాగా ఇక అయిపోయినట్టే కదే. ఎన్నాళ్ళు తిరిగినా మళ్ళీ మనది కాదు."

"కాదు," అంది భార్య. మా అన్నే కదా అనలేదు, పోతే పోయిందనీ అనలేదు. "ఆ జాగాలో ఇన్నాళ్ళూ ఏం పండిందయ్యా మనకి?"

"కోపం పండింది."

"అది అమ్ముదామంటే పూలకొట్టు అక్క కొనదు."

తెల్లారి వాచ్‌మన్ గోడ దగ్గరకు వెళ్ళి, గొంతు సవరించుకుని, అవతలికి చూడకుండా అన్నాడు: "బావా. నీ గోడ లేపుకో."

టేపుబావ పళ్ళు తోముకుంటున్నవాడు నురుగుతో సహా వచ్చాడు. "ఏంటి బావా, జ్వరమా?"

"ఎన్ని వరసలు?"

"మూడు చాలు నాకు."

"ఆరు వెయ్యి. నీ మొహం కనపడకుండా ఉండాలి."

"పెద్దల ముందు మాట మారిస్తే?"

"నా చామంతుల మీద ఒట్టు. ఒక్కటే షరతు. నా వైపు బల్బు పెట్టకూడదు. ఎప్పుడూ."

టేపుబావ నోరు కడుక్కుని వచ్చి, నలభై కుండీలనీ, గోడ నీడ పడే చోటునీ, వీధిదీపాన్నీ మార్చి మార్చి చూశాడు. కొలతల మనిషి, చెప్పకుండానే అర్థమైంది. నవ్వుతాడనుకున్నాడు వాచ్‌మన్. నవ్వలేదు. టేపు తీసి గోడ మీద పెట్టి, ఒక కన్ను మూసి, "ఆరు చాలవు బావా," అన్నాడు. "చివరి వరస దాకా నీడ పడాలంటే తొమ్మిది పడాలి."

సెలవు రోజు చూసుకుని పొద్దున మొదలుపెట్టి, పొద్దు గూకేలోపల తొమ్మిది వరసలూ లేపాడు. వాచ్‌మన్ ఆ రోజు పగలు ఒక్క నిమిషం కునుకు తీయలేదు. కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. తాడు కట్టినప్పుడల్లా లేచి వెళ్ళి చూశాడు. "వంకర లేదులే," అని టేపుబావ విసుక్కున్నాడు. మూడో వరస దగ్గర మాత్రం ఇటుకల్ని పొడుగ్గా తిప్పి, వాచ్‌మన్ వైపు బెత్తెడు బయటకు వచ్చేట్టు పేర్చి, పైన నున్నగా సిమెంటు పూశాడు.

"అదెందుకు?"

"గట్టు. చిన్న కుండీలు పెట్టుకో. పిలకలు తొక్కుడు పడకుండా ఉంటాయి." తలెత్తకుండానే అన్నాడు టేపుబావ.

క్షమించమన్న మాట అతని నోట్లోంచి రాలేదు, వాచ్‌మన్ నోట్లోంచి సంతోషం అన్న మాటా రాలేదు. భార్య మాత్రం ఇద్దరికీ టీ ఇచ్చింది, గోడకి ఇటొకరికి, అటొకరికి.

చెప్పిన నెలాఖరుకి పూలకొట్టు అక్క వచ్చింది. కుండీలన్నిటికీ మొగ్గలు, కాని పచ్చిగా, శనగగింజంత. వాచ్‌మన్ చెప్పాల్సిన మాటలన్నీ కూడగట్టుకుని నుంచున్నాడు. లైటు సంగతి, డ్రమ్ము సంగతి, గోడ సంగతి అన్నీ చెప్పేశాడు. ఆవిడ వక్క నమలడం ఆపి విన్నది.

"అంటే ఇవి విచ్చుకునేసరికి అందరి చామంతులూ అయిపోయుంటాయి," అంది.

"ఆలస్యమైందక్కా. ఏం చెయ్యను."

"పిచ్చి తమ్ముడా! అందరి దగ్గరా ఉన్నప్పుడు నీ పువ్వుని ఎవడు అడుగుతాడు? ఎవరి దగ్గరా లేనప్పుడు నాకు కావాలి!" ఆవిడ చేయి తిప్పింది. "వచ్చే ఏడు సగం మొక్కలకి లైటు వెయ్యి, సగానికి వెయ్యకు. సగం ముందు, సగం వెనక. ఆ లైటు పారేయలేదుగా?"

పారేయలేదు. వాచ్‌మన్ వెళ్ళి ఏజెన్సీవాడికి తనే ఫోను చేసి, రాత్రిళ్ళు ఖాళీ లేదన్నాడు.

చామంతులు ఆలస్యంగానే విచ్చుకున్నాయి. మొదట డ్రమ్ము వెనకది, తర్వాత గోడ పక్క వరస, ఆ తర్వాత మిగిలినవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి. కొట్టుకు పంపే ముందు ఒక కుండీని వాచ్‌మన్, కొత్త కొట్టం రేకులు లేని చివర, ఎత్తయిన గోడ మీదుగా టేపుబావకు అందించాడు. "తాపీ నీళ్ళు పోయకు," అన్నాడు. మర్నాటికి గట్టు మీద టేపుబావ టేపు కనిపించింది. మర్చిపోయాడో, కావాలనే పెట్టాడో అడగలేదు. పిలకలు గుచ్చడానికి కొత్త ఇసుక జల్లెడ పడుతూ పడుతూ దాన్ని తీసి, ఎప్పుడో చేయాల్సిన పని ఒకటి చేశాడు. రేకులు పడ్డ గోడను ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచాడు.

అంతా సరే. పువ్వులు సరే, గట్టు సరే, రాత్రి అన్నం సరే. పోయింది మాత్రం పదకొండు అడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు.